గాలికి దారి, ఎండకు అడ్డు: కోస్తాంధ్ర గృహ పదజాలంలో వాతావరణ చరిత్ర

ఉపోద్ఘాతం

తెలుగులో ఇంటిని గురించిన చర్చ ఎక్కువగా రెండు దారుల్లో సాగింది. మొదటిది దిక్కులను, ఆయాన్ని, శుభాశుభాలను లెక్కించే వాస్తు చర్చ. రెండవది ఇంటిని కుటుంబ వ్యవస్థకు ప్రతీకగా చూసే సాహిత్య చర్చ. ఈ రెండింటి నడుమ ఒక సామాన్యమైన ప్రశ్న మిగిలిపోయింది. మే నెల మధ్యాహ్నం, గాలి స్తంభించిన వేళ, ఆ ఇంట్లో ఉన్న మనిషికి ఊపిరి ఆడేదా? ఆడితే ఏ ఏర్పాటు వల్ల ఆడేది? ఆ ఏర్పాటు ఎవరికి దక్కింది, ఎవరికి దక్కలేదు?

ఈ ప్రశ్నలకు కట్టడాల నుంచి నేరుగా సమాధానం రాబట్టడం కష్టం. తాటాకు, మట్టి, వెదురు వంటి సామగ్రితో కట్టిన ఇళ్లు రెండు మూడు తరాలకు మించి నిలవవు. పెద్దల లోగిళ్లు కొన్ని మిగిలాయి గాని అవి కొద్దిమంది జీవితానికే సాక్ష్యాలు. భాష మాత్రం అందరి ఇళ్లనూ గుర్తుపెట్టుకుంది. ఇంటి భాగాల పేర్లు, ఇంటి రకాల పేర్లు, ఎండను గాలిని గురించిన మాటలు చరిత్రకు ఆధారాలుగా పనికివస్తాయన్న నమ్మకంతో ఈ పరిశీలన సాగింది. దీని పరిధి కోస్తాంధ్ర. జాతీయ భవన నియమావళి దేశాన్ని అయిదు వాతావరణ మండలాలుగా విభజించింది. కోస్తాంధ్ర వాటిలో ఉష్ణ-ఆర్ద్ర మండలంలోకి వస్తుంది. రాయలసీమ, తెలంగాణల ప్రస్తావన పోలిక కోసం అవసరమైన చోట మాత్రమే వస్తుంది.

ఉక్క, వడ

తెలుగులో వేడిని చెప్పే మాటలు అనేకం. ఎండ, వేడి, సెగ, కాక, ఉడుకు, వడ, ఉక్క వంటివి వాడుకలో ఉన్నాయి. వీటిలో చివరి రెండింటి మధ్య ఉన్న తేడా ఈ వ్యాసానికి కీలకం. వడ పొడి వేడి. వడగాలి, వడదెబ్బ, వడగాడ్పు అనే సమాసాలు దాని స్వభావాన్ని తెలుపుతాయి. అది బయటి నుంచి వచ్చి తగిలేది, కొట్టేది. ఉక్క అలా కాదు. అది కమ్ముకొని ఉండేది. ఉక్కపోత అనే సమాసంలో చెమట పోయడమనే భావం స్పష్టంగా ఉంది. పోసిన చెమట ఆరదు. బాధంతా అక్కడే ఉంది.

శరీరధర్మ శాస్త్రం చెప్పేదీ ఇదే. చెమట ఆవిరైనప్పుడు ఒంటి నుంచి వేడి బయటికి పోతుంది. గాలిలో తేమ తక్కువగా ఉంటే ఆవిరి కావడం సులభం. తేమ ఎక్కువైతే చెమట కారుతుందే తప్ప ఆరదు. అందుకే ఉష్ణోగ్రత తక్కువగా నమోదైన రోజున కూడా తీరప్రాంతపు మనిషి ఎక్కువ బాధపడవచ్చు. ఉష్ణమాపకం ఒక్కటే చూపించలేని ఈ భేదాన్ని వ్యవహర్తలు రెండు వేర్వేరు మాటలతో గుర్తించారు.

రెండు బాధలకు మందు కూడా ఒకటి కాదు. వడగాలికి వట్టివేళ్ల తడికలు కట్టి నీళ్లు చల్లుతారు. పొడిగాలి ఆ తడిని పీల్చుకుని చల్లబడుతుంది. ఉక్కలో అదే తడిక నిష్ప్రయోజనం, పైగా ఇంట్లో మరికాస్త తేమను చేరుస్తుంది. ఉక్కకు మందు గాలి కదలిక. చర్మం మీదుగా సెకనుకు ఒక మీటరు వేగంతో గాలి సాగితే సుమారు 3 డిగ్రీల ఉష్ణోగ్రత తగ్గినంత ఉపశమనం కలుగుతుందని ఉష్ణసౌఖ్య శాస్త్రం అంచనా వేస్తుంది. విసనకర్ర చేసే పని ఇదే. విసనకర్ర గదిలోని గాలిని చల్లబరచదు, కదిలిస్తుంది.

ఈ కదలికకు తెలుగువారు వాడే క్రియ గమనించదగ్గది. ఇంట్లో గాలి ఆడాలి, ఊపిరి ఆడాలి. ఇంటి విషయంలోను, ఒంటి విషయంలోను క్రియ ఒక్కటే. గాలాడని ఇల్లు, ఊపిరాడని మనిషి అనే వాడుకలు పక్కపక్కనే నిలుస్తాయి. గాలి దిక్కులను గుర్తించడంలోనూ ఇదే శ్రద్ధ కనిపిస్తుంది. దక్షిణ, ఆగ్నేయ దిక్కుల నుంచి వచ్చే పైరగాలి హాయిగొలిపేది. వేసవిలో పడమటి గాలి వడను మోసుకొచ్చేది. మే నెలలో పడమటి గాలి బలంగా ఉన్న రోజున సముద్రపు గాలి ఆలస్యంగా లోపలికి వస్తుంది. అది వచ్చేదాకా ఎదురుచూడటం తీరప్రాంతపు దినచర్యలో భాగం.

కప్పును బట్టి పేరు

ఇంటి రకాలకు తెలుగులో ఉన్న పేర్లను వరుసగా పెట్టి చూస్తే ఒక క్రమం బయటపడుతుంది. పూరిల్లు, తాటాకిల్లు, పెంకుటిల్లు, రేకుల ఇల్లు, స్లాబు ఇల్లు. ఇవన్నీ కప్పును బట్టి వచ్చిన పేర్లు. పూరి అంటే గడ్డి. గోడ మట్టిదా, ఇటుకదా, రాయిదా అన్నది పేరులోకి రాలేదు. డాబా, మిద్దె అనే మాటలు కూడా చదునైన కప్పును తలపునకు తెస్తాయి. కొమ్మూరి వేణుగోపాలరావు తన నవలకు ‘పెంకుటిల్లు’ అని పేరు పెట్టినప్పుడు పాఠకులకు ఆ ఇంటివారి ఆర్థిక స్థాయి కొంతవరకు ముందే తెలిసిపోతుంది. కప్పు పేరు హోదా పేరు కూడా కావడం ఇందుకు కారణం.

హోదా సూచన ఒక్కటే ఈ నామకరణాన్ని పూర్తిగా వివరించదు. కోస్తాంధ్ర దాదాపు 14, 19 డిగ్రీల ఉత్తర అక్షాంశాల మధ్య ఉంది. విజయవాడలో మే మొదటి వారంలోను, మళ్లీ ఆగస్టు మొదటి వారంలోను మధ్యాహ్న సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఆ కాలంలో దక్షిణపు గోడ మీద మధ్యాహ్నపు ఎండ పడదు, కప్పు మీద నిలువునా పడుతుంది. అందువల్ల ఒంటి అంతస్తు ఇంట్లోకి వచ్చే వేడిలో కప్పు వాటా చాలా పెద్దది. ఇంటికి కప్పును బట్టి పేరు పెట్టిన భాష, ఉద్దేశించినా ఉద్దేశించకపోయినా, ఆ ఇంటి ఉష్ణస్వభావాన్ని నిర్ణయించే ప్రధానాంశాన్నే పేరుగా పెట్టింది.

ప్రాంతభేదం కూడా ఈ కోణంలో అర్థవంతమవుతుంది. రాయలసీమలోను, తెలంగాణలో అనేక చోట్లను మందపాటి మట్టి మిద్దె సంప్రదాయం. పగలు, రాత్రి ఉష్ణోగ్రతల మధ్య అంతరం ఎక్కువగా ఉండే పొడి ప్రాంతంలో మందమైన కప్పు పగటి వేడిని తనలో దాచుకుని లోపలికి ఆలస్యంగా వదులుతుంది. తీరంలో ఆ అంతరం తక్కువ, రాత్రి కూడా గాలి పెద్దగా చల్లబడదు. అక్కడ వేడిని దాచుకునే కప్పు రాత్రి నిద్రను చెడగొడుతుంది. వాలుగా ఉండి వానను జార్చేదీ, తేలికగా ఉండి వేడిని నిలవ ఉంచుకోనిదీ కావాలి. తాటాకు, రెల్లు, వరిగడ్డి కప్పులు ఆ పని చేశాయి. తీరాంధ్రలో పాకను నేయడం అనే వాడుక ఉంది. ఆకును పొరలు పొరలుగా పరిచే పనికి నేత అనే మాట సహజంగా అమరింది. ఆ పొరల మధ్య నిలిచిన గాలే వేడికి అడ్డు.

మండువా లోగిలి: పొగడ్తకు హద్దు

కోస్తాంధ్ర గృహాన్ని తలచినప్పుడు ముందుగా గుర్తుకువచ్చేది మండువా లోగిలి. నాలుగు వైపుల ఇళ్లు, నడుమ ఆకాశానికి తెరచిన మండువా, లోపలికి వాలిన పెంకు కప్పు, వాన నీరు పడి తూము గుండా పోయే పల్లం దాని లక్షణాలు. ఇక్కడ ఇల్లు అనే మాట ఒక్కొక్క భాగానికీ వర్తిస్తుంది. నట్టిల్లు, వంటిల్లు, పడకటిల్లు అనడంలో ప్రతి గదీ ఒక ఇల్లే. నాలుగిళ్ల లోగిలి అంటే నాలుగు కుటుంబాలది కాదు, నాలుగు పక్కల కట్టిన ఒకే ఇల్లు.

బయటి నుంచి లోపలికి వెళ్లే క్రమానికీ పేర్లున్నాయి. ముంగిలి, వాకిలి, లోగిలి అనే మూడు మాటల చివరి భాగం ఒకేలా వినిపిస్తుంది. తమిళంలోని ముండ్రిల్, వాయిల్ పదాలతో పోల్చినప్పుడు వీటిలో ఇంటికి ముందు, ఇంటికి నోరు, ఇంటికి లోపల అనే భావాలను గుర్తించవచ్చు. వీటి మధ్య అరుగు, పంచ, వసారా, చూరు వస్తాయి. ఇవేవీ పూర్తిగా లోపలివి కావు, పూర్తిగా బయటివీ కావు. తేమ ప్రాంతపు గృహానికి ఇవే ప్రాణం. ఎండ గోడను తాకకముందే చూరు ఆపుతుంది. వానలోనూ తలుపులు, కిటికీలు తెరచి ఉంచే వీలు పంచ కలిగిస్తుంది. ఒకరి పంచన చేరడం, చూరు పట్టుకుని వేలాడటం అనే జాతీయాలు ఈ భాగాల నుంచే వచ్చాయి. నీడను ఇచ్చే భాగం ఆశ్రయానికి పర్యాయం కావడం యాదృచ్ఛికం కాదు.

మండువా విషయంలో ఒక జాగ్రత్త అవసరం. నడుమ ఖాళీ ఉన్న ఇల్లు ఎక్కడైనా చల్లగా ఉంటుందనే అభిప్రాయం నేటి రచనల్లో తరచుగా కనిపిస్తుంది. నాలుగు వైపులా మూసిన ముంగిలి ప్రధానంగా పొడి ప్రాంతాలకు తగిన రూపం. రాత్రి చల్లబడిన గాలి అందులో నిలిచి మరునాడు కొంతసేపు పనికివస్తుంది. తేమ ప్రాంతంలో నిలిచిన గాలి సుఖం కాదు, అదే ఉక్క. కోస్తాలో మండువా ఫలించింది దాని నడిమి ఖాళీ ఒక్కదాని వల్ల కాదు. వీధి తలుపు, నట్టింటి తలుపు, పెరటి తలుపు ఒకే వరుసలో ఉండటం వల్ల, పెరడు విశాలంగా ఉండటం వల్ల, మండువా చుట్టూ నీడ ఉన్న వసారా సాగడం వల్ల. ఆ వరుసను గోడతో మూసిన పాత లోగిలిలో మండువా వెలుతురు బావిగా మాత్రమే మిగులుతుంది. కనుక అనుకరించదగినది రూపమా, సూత్రమా అనే ప్రశ్న వేసుకున్నప్పుడు సూత్రమే అని చెప్పవలసి ఉంటుంది.

ఈ లోగిళ్ల వెనుక ఉన్న ఆర్థిక చరిత్రను కూడా విస్మరించరాదు. ధవళేశ్వరం వద్ద గోదావరి ఆనకట్ట 1852 నాటికి, విజయవాడ వద్ద కృష్ణ ఆనకట్ట 1855 నాటికి పూర్తయ్యాయి. డెల్టా భూముల్లో నిలకడగా పంట పండటంతో భూస్వామ్య కుటుంబాల చేతికి ఇటుక, గానుగ సున్నం, టేకు దూలాలు కొనే స్తోమత వచ్చింది. గోదావరి ఎగువ అడవుల కలప నది మీదుగా రాజమహేంద్రవరానికి దిగివచ్చేది. ఈ సౌఖ్యానికి విశాలమైన స్థలం, ఏటా కప్పు సర్దించే పనివారు, నీళ్లు తోడే చేతులు అవసరం. పంచ దాకా రాగలవారెవరు, అరుగు దాకానే ఆగవలసినవారెవరు, ముంగిలి బయటే నిలబడవలసినవారెవరు అన్నది కులం నిర్ణయించింది. గాలాడే అరుగు పురుషుల స్థలం. పొగ నిండిన వంటిల్లు స్త్రీలది. ఆముక్తమాల్యదలోని వర్షర్తు వర్ణనలో తడిసిన వంటచెరుకుతో పొయ్యి రాజేసే ఇల్లాలి అవస్థ కనిపిస్తుంది. ప్రబంధ కవి చూపు పడిన ఆ మూలకు ఇంటి సౌఖ్యాన్ని పొగిడే నేటి వ్యాసాల చూపు అరుదుగా పడుతుంది.

చుట్టిల్లు: సౌఖ్యం ఒకవైపు, తుఫాను ఒకవైపు

కప్పును బట్టి కాక ఆకారాన్ని బట్టి పేరు వచ్చిన ఇల్లు చుట్టిల్లు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం తీరంలో మత్స్యకారుల పల్లెల్లోను, చుట్టుపక్కల గ్రామాల్లోను ఇది ప్రసిద్ధం. గుండ్రని మట్టిగోడ, మధ్యకు ఎత్తుగా లేచే శంఖువు వంటి కప్పు, దాదాపు నేలను తాకేంత కిందికి దిగిన చూరు దీని రూపం. లోపలికి వెళ్లాలంటే తల వంచాలి.

ఉష్ణ-ఆర్ద్ర మండలపు ఇల్లు ఎలా ఉండాలో నేటి గ్రంథాలు చెప్పే లక్షణాలను దీనికి అన్వయిస్తే ఒక వైరుధ్యం కనిపిస్తుంది. మైసూరు సంస్థానంలో 1939 నుంచి వాస్తుశిల్పిగా పనిచేసి, స్వాతంత్ర్యానంతరం భారత ప్రభుత్వ గృహనిర్మాణ సంచాలకుడైన ఆటో కోనిగ్స్‌బెర్గర్ 1974లో సహరచయితలతో కలిసి ఉష్ణమండల గృహనిర్మాణంపై ఒక కరదీపిక ప్రచురించాడు. తేమ ప్రాంతంలో గదులు ఒకే వరుసలో ఉండాలనీ, ఎదురెదురు గోడలకు పెద్ద తెరపులు ఉండాలనీ, కప్పు తేలికగా, చూరు వెడల్పుగా ఉండాలనీ ఆ సంప్రదాయం చెబుతుంది. చుట్టిల్లు తేలిక కప్పు, వెడల్పు చూరు అనే రెండు నియమాలను పాటిస్తుంది, పెద్ద తెరపుల నియమాన్ని ఉల్లంఘిస్తుంది. కిటికీలు లేవు, ఉన్నా చిన్నవి.

కారణం బంగాళాఖాతం. గుండ్రని గోడకు, వాలు కప్పుకు ఎదురుగాలి ఒకచోట బలంగా తగలదు, పక్కలకు జారిపోతుంది. కిందికి దిగిన చూరు కప్పు కిందికి గాలి చొరబడి దాన్ని పైకి ఎత్తివేయకుండా కాపాడుతుంది. అంటే చుట్టిల్లు కట్టినవారు రోజూ హాయినిచ్చే గాలిని కొంత వదులుకుని, ఎప్పుడో ఒకనాడు ప్రాణం తీసే గాలిని తప్పించుకున్నారు. వదులుకున్న గాలిని ఇంటి బయట వెతుక్కున్నారు. పగటి పని వసారా నీడలోను చెట్టు కిందను, రాత్రి పడక ఆరుబయట నులకమంచం మీద. దీన్నిబట్టి సౌఖ్యం కట్టడంలో మాత్రమే లేదనీ, రోజులో ఏ వేళకు ఎక్కడ ఉండాలో తెలిసిన నడవడిలోనూ ఉందనీ గ్రహించవచ్చు. ఆరుబయట అనే మాట అర్థవంతంగా ఉండాలంటే ఇంటి ముందు ఖాళీ నేల ఉండాలి.

పెంకు, రేకు, స్లాబు: ‘పక్కా’ అనే మాట

కప్పు మారిన తీరును మూడు దశలుగా చూడవచ్చు. మొదటి దశ పెంకు. కుమ్మరి సారె మీద చేసిన గూన పెంకు పాతది. బాసెల్ మిషన్ 1865లో మంగుళూరులో యంత్రంతో పెంకులు తయారుచేసే కర్మాగారాన్ని స్థాపించింది. ఒకదానిలో ఒకటి ఇమిడే ఆ చదును పెంకు తీరమంతా వ్యాపించింది. కోస్తాంధ్రలో దానికి బంగాళా పెంకు అనే పేరు స్థిరపడింది. పెంకుకు పెంకుకు మధ్య సందుల గుండా వేడిగాలి పైకి పోతుంది కనుక గడ్డికప్పు సుఖంలో కొంత భాగం ఇందులోనూ మిగిలింది. రెండవ దశ రేకు. సిమెంటు రేకు, ఇనుప రేకు చవక, త్వరగా అమరుతాయి, నిప్పంటుకోవు. కాని పలుచని రేకు ఎండను దాదాపు వెంటనే లోపలికి చేరవేస్తుంది. మూడవ దశ కాంక్రీటు స్లాబు.

ఈ మార్పును పక్కా అనే మాట నడిపించింది. హిందీ నుంచి వచ్చిన ఈ పదానికి పండినది, గట్టిది అని అర్థాలు. జనగణన పరిభాషలో పక్కా, కచ్చా అనే విభజన సామగ్రి మన్నికను బట్టి ఏర్పడింది. గడ్డి, ఆకు, వెదురు, పచ్చి ఇటుక కచ్చా వర్గంలోకి, కాల్చిన ఇటుక, పెంకు, కాంక్రీటు పక్కా వర్గంలోకి వెళ్లాయి. కప్పును బట్టి పేర్లు పెట్టిన దేశి పదజాలంలో పూరిల్లు, పెంకుటిల్లు, డాబా అనే అనేక స్థాయిలు ఉండగా, కొత్త పరిభాషలో ప్రధానంగా రెండే ధ్రువాలు మిగిలాయి. ఆ కొలతలో మన్నిక ఉంది, ఉక్క లేదు.

అయితే ఈ కొలత పాలకుల సౌకర్యం కోసం మాత్రమే పుట్టిందనడం అన్యాయం. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన సుమారు 5 మీటర్ల ఎత్తున వచ్చింది. అధికారిక అంచనా ప్రకారమే దాదాపు 10,000 మంది మరణించారు. గడ్డి ఇళ్లు ఆ నీటి ముందు నిలవలేదు. గట్టి కట్టడాల మీదికి ఎక్కగలిగినవారిలో ఎందరో బతికారు. అంతకుముందు 1864లో మచిలీపట్నాన్ని ముంచిన ఉప్పెన సుమారు 30,000 మందిని బలిగొన్నది. దివిసీమ తరువాత తుఫాను రక్షణ కేంద్రాలు వెలిశాయి. బలహీన వర్గాలకు శాశ్వత గృహాలు కట్టించే పని పెద్దయెత్తున సాగింది. రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ 1979లో ఏర్పడింది. 1990 మే నెలలో మచిలీపట్నం ప్రాంతాన్ని తాకిన తీవ్రమైన తుఫానులో మృతుల సంఖ్య వెయ్యిలోపే ఉంది. ముందస్తు హెచ్చరిక, లక్షలాది మంది తరలింపు, గట్టి ఆశ్రయాలు కలిసి సాధించిన ఫలితమది. వేసవి నిప్పుకు వరుసగా కాలిపోయే గుడిసెల వాడలో పుట్టినవారికి స్లాబు ఇల్లు భద్రతతో పాటు గౌరవాన్నీ ఇచ్చింది. పూరిల్లు చల్లన అనే మాటను ఆ ఇంట్లో ఉండవలసిన అవసరం లేనివారు చెప్పడం సులభం.

ప్రాణభద్రత కోసం చేసిన ఎంపికలో ఉష్ణసౌఖ్యం లెక్కకు రాకుండా పోయింది. పైపూత, పైనీడ లేని నాలుగైదు అంగుళాల స్లాబు పగలంతా ఎండను పీల్చుకుని సాయంత్రం నుంచి లోపలికి వదులుతుంది. దాని కింద తిరిగే పంకా గాలిని కదిలిస్తుంది గాని కప్పు నుంచి దిగే సెగను ఆపలేదు. పగలు పనిచేసి వచ్చిన మనిషి విశ్రాంతి తీసుకునే వేళకే ఇల్లు అత్యధికంగా వేడెక్కి ఉంటుంది. 2015 మే నెలలో వడగాడ్పుల వల్ల ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో అధికారిక లెక్కల ప్రకారమే 1,500 మందికి పైగా మరణించారు. ఈ మరణాలకు ఇంటి కప్పును కారణంగా చూపడం సరికాదు, వారిలో ఎందరో ఎండలో పనిచేసేవారు. అయితే పగటి ఎండలో అలసిన శరీరానికి రాత్రి చల్లబడే అవకాశం లేకపోవడం ప్రమాదాన్ని పెంచుతుందన్నది వైద్యులు అంగీకరించే విషయం.

సౌఖ్యానికి ప్రమాణం ఎవరిది

ఇరవయ్యో శతాబ్దిలో సౌఖ్యం ఒక అంకెగా మారింది. డెన్మార్కు శాస్త్రజ్ఞుడు ఫాంగర్ 1970లో ప్రచురించిన గ్రంథం గాలి ఉష్ణోగ్రత, తేమ, గాలి వేగం, పరిసరాల నుంచి వచ్చే సెగ, దుస్తులు, శ్రమ అనే ఆరు అంశాల నుంచి సౌఖ్యాన్ని లెక్కించే సూత్రాన్ని ఇచ్చింది. నియంత్రిత గదుల్లో కూర్చోబెట్టిన మనుషుల స్పందన దానికి ఆధారం. ఆ సూత్రం నుంచి వచ్చిన ప్రమాణాలు ఉష్ణమండల దేశాలకూ వ్యాపించాయి.

ఇంటి వాతావరణానికి అలవాటుపడినవారి సౌఖ్యం వేరుగా ఉంటుందని తరువాతి పరిశోధనలు చూపాయి. వాటిలో తెలుగు నేలకు సంబంధించినది మాధవి ఇంద్రగంటి హైదరాబాదులో 2008 వేసవిలో చేసిన క్షేత్ర పరిశీలన. ఎయిర్ కండిషనింగ్ మీద ఆధారపడని అపార్టుమెంట్ల నివాసులు సుమారు 26 నుంచి 32.5 డిగ్రీల వరకు సౌఖ్యంగానే భావించారు. వారికి సమస్థితి అనిపించిన ఉష్ణోగ్రత 29.2 డిగ్రీలు. జాతీయ నియమావళి అప్పటికి సూచించిన పరిధి 23 నుంచి 26 డిగ్రీలు. హైదరాబాదు వాతావరణం మిశ్రమమైనది కాబట్టి ఈ అంకెలను మచిలీపట్నానికి యథాతథంగా అన్వయించరాదు. అయినా ప్రమాణాన్ని నిర్ణయించే ముందు ఆ ఇంట్లో ఉన్నవారిని అడగాలన్న పాఠం మాత్రం రెండు చోట్లా వర్తిస్తుంది.

ఇటీవలి నియమాల్లో పాత సూత్రాలు కొన్ని అంకెల రూపంలో తిరిగి వచ్చాయి. కేంద్ర ప్రభుత్వ ఇంధన పొదుపు సంస్థ 2018లో రూపొందించిన ఎకో నివాస్ సంహిత ప్రకారం ఉష్ణ-ఆర్ద్ర మండలంలో తెరవగల కిటికీ, తలుపుల వైశాల్యం నేల వైశాల్యంలో కనీసం 16.66 శాతం, అంటే ఆరో వంతు ఉండాలి. పొడి మండలంలో అది 10 శాతం చాలు. ఉక్కకు, వడకు భాష పాటించిన భేదమే ఇక్కడ నియమమైంది. కప్పు గుండా వేడి ప్రసరించే గుణకానికి సంహిత 1.2 పరిమితి పెట్టింది. రక్షణ పొర లేని సాధారణ స్లాబుకు ఆ విలువ రెండింతలకు మించే ఉంటుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని కప్పుల విధానాన్ని ప్రకటించి, 2028 నాటికి 300 చదరపు కిలోమీటర్ల కప్పును ఎండను తిప్పికొట్టేలా చేయాలని లక్ష్యం పెట్టుకుంది. ఏటా పండుగకు గోడలకు వెల్ల వేసే అలవాటు ఉన్న సమాజానికి తెల్లని పూత కొత్త ఆలోచన కాదు. గోడ మీది సున్నం కప్పు మీదికి చేరడమే ఇక్కడి మార్పు.

ఈ నియమాల పరిధిలోనే అసలు చిక్కు ఉంది. ఎకో నివాస్ సంహిత 500 చదరపు మీటర్లు, ఆపైన ఉన్న స్థలాల్లో కట్టే నివాసాలను ఉద్దేశించినది. రాష్ట్రాలు ఆ పరిమితిని మార్చుకునే వీలున్నా మూలంలో ఉన్నది ఆ అంకె. తెలుగు నేల మీద వాడే కొలతలో అది సుమారు 12 సెంట్లు. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో పంపిణీ చేసిన ఇళ్ల స్థలాలు గ్రామాల్లో సెంటున్నర, పట్టణాల్లో సెంటు. సెంటున్నర అంటే దాదాపు 60 చదరపు మీటర్లు. అంత స్థలంలో పక్కింటి గోడకు, తన గోడకు మధ్య గాలి దూరే సందు మిగలడం కష్టం. చూరు బయటికి చాపితే పొరుగువారి హద్దులోకి పోతుంది. అరుగు వేస్తే వీధిలోకి వస్తుంది. ఆరుబయట మంచం వేసుకోవడానికి డాబా తప్ప చోటు లేదు. సౌఖ్యాన్ని నియమంగా రాసిన పత్రం, ఆ సౌఖ్యం అత్యవసరమైన ఇంటి గుమ్మం దాకా రాలేదు. పూర్వం కులం, భూమి చేసిన విభజనను ఇప్పుడు సెంట్ల లెక్క కొనసాగిస్తున్నది.

ముగింపు

ఈ పరిశీలన నుంచి మూడు విషయాలను ప్రతిపాదించవచ్చు. మొదటిది, కోస్తాంధ్ర గృహ పదజాలం వాతావరణ జ్ఞానానికి నమ్మదగిన ఆధారం. ఉక్కను వడ నుంచి వేరుచేయడం, ఇంటికి కప్పును బట్టి పేరు పెట్టడం, లోపలికి బయటికి నడుమ ఉన్న ప్రతి మెట్టుకూ ఒక మాట ఉండటం ఇందుకు సాక్ష్యాలు. రెండవది, ఆ జ్ఞానం అందరికీ సమానంగా సౌఖ్యాన్ని ఇవ్వలేదు. మండువాను, చుట్టిల్లును ఒకే గాటన కట్టి సంప్రదాయమని పొగడటం చరిత్రకు న్యాయం చేయదు. ఒకటి స్తోమత నుంచి, మరొకటి తుఫాను భయం నుంచి పుట్టింది. మూడవది, స్లాబు ఇల్లు ప్రాణాలు కాపాడింది గనుక తిరిగి పూరిల్లుకు పోవాలన్న వాదన నిలవదు. చేయవలసినది స్లాబుకు చూరును, తెల్లని పూతను, ఎదురెదురు తెరపులను చేర్చడం, వాటికి చోటిచ్చేంత స్థలాన్ని పేదవాడి హక్కుగా గుర్తించడం.

తెలుగు శాఖలకు ఇందులో ప్రత్యేకమైన పని ఉంది. భద్రిరాజు కృష్ణమూర్తి ప్రారంభించిన మాండలిక వృత్తిపదకోశాల కృషిలో భాగంగా బూదరాజు రాధాకృష్ణ వాస్తు పదకోశాన్ని సిద్ధం చేశారు. వృత్తిపదకోశాలు కట్టే చేతుల మాటలను భద్రపరచే పని చేపట్టాయి. ఆ ఇంట్లో బతికినవారి మాటలను, ముఖ్యంగా వంటింట్లో గడిపిన స్త్రీల మాటలను, పాకల నుంచి కాలనీల్లోకి మారిన కుటుంబాల మాటలను అదే శ్రద్ధతో సేకరించవలసి ఉంది. ఏ గాలికి ఏ పేరు పెట్టారు, ఏ వేళకు ఎక్కడ కూర్చున్నారు, కొత్త ఇంట్లో ఏ మాట వాడటం మానేశారు అన్న ప్రశ్నలకు సమాధానం చెప్పగలవారు ఇంకా మన మధ్య ఉన్నారు. నేడు ఇంటిని ఎన్ని బెడ్‌రూములని అడుగుతున్నాం. చూరు, పంచ, అరుగు వాడుకలోంచి జారిపోతే ఇంటి నుంచి ఏమి పోయిందో చెప్పుకోవడానికి కూడా మాట మిగలదు.